గేమ్ పెట్టగానే సిస్టమ్ ఆఫ్ అవుతోందా? కార్డును అనుమానించే ముందు కరెంటు వచ్చే దారి చూడు

తమ్ముడూ, నీ సమస్య నాకు అర్థమైనంతవరకు ఇదీ. ఐ5-10400 ప్రాసెసర్ ఉన్న పాత సిస్టమ్‌లో సెకండ్‌హ్యాండ్ ఆర్‌టీఎక్స్ 3060 టీఐ గ్రాఫిక్స్ కార్డు వేయించావు. ఎస్‌ఎంపీఎస్ (సిస్టమ్‌కు కరెంటు ఇచ్చే డబ్బా) మాత్రం పాతదే, డబ్బా మీద 500 వాట్లు అని ఉంది. దానికి కార్డుకు పెట్టే 8 పిన్ వైరు లేదు కాబట్టి షాపులో రెండు మోలెక్స్‌లను (పాత డిస్కులకు పెట్టే నాలుగు పిన్నుల ప్లగ్గులు) కలిపి 8 పిన్‌గా మార్చే అడాప్టర్ తగిలించారు. బ్రౌజింగ్, సినిమాలు ఎంతసేపైనా నడుస్తున్నాయి. గేమ్ పెట్టిన కాసేపటికి సిస్టమ్ మొత్తం ఆఫ్. ఒక్కోసారి తెర నల్లబడి కార్డు ఫ్యాన్లు హోరెత్తిపోతున్నాయి. శ్రీకాకుళంలో ఒకచోట చూపిస్తే ‘కార్డు పోనాది, వేరేది తీసుకో’ అన్నారు. ఎచ్చెర్లలో అద్దె గదిలో ఉంటున్నావు, మధ్యలో 600 వీఏ యూపీఎస్ ఉంది.

ఆ మాట విని కార్డు అమ్మేయకు. నిజంగా పాడైన కార్డు ఎక్కువగా డెస్క్‌టాప్ మీదే గీతలు, చుక్కలు, రంగురంగుల గళ్లు చూపిస్తుంది, లేదంటే అసలు డిస్‌ప్లేనే ఇవ్వదు. తేలిక పనులన్నీ చక్కగా చేసి, లోడు పడ్డప్పుడు మాత్రమే పడిపోయే కార్డుకు చాలాసార్లు చాలినంత కరెంటు అందడం లేదని అర్థం. గోడ ప్లగ్గు, యూపీఎస్, ఎస్‌ఎంపీఎస్, వైరు, అడాప్టర్, ఇన్ని చేతులు మారితే గానీ కార్డుకు 12 వోల్టులు రావు. వెతకడం ప్లగ్గు దగ్గర మొదలుపెట్టి ఇటు రావాలి. ఇంకో సంగతి, ఈ దారిలో లోపం ఒక్కటే ఉండాలని రూలేమీ లేదు. నీ వివరాలు చూస్తే కనీసం రెండున్నాయనిపిస్తోంది. ఒకటి సరిచేసి రెండోది వదిలేస్తే సిస్టమ్ మళ్లీ ఆఫ్ అవుతుంది, నింద మళ్లీ కార్డు మీదికే పోతుంది.

ముందు ఏ రకంగా ఆగుతోందో జాగ్రత్తగా చూడు. లైట్లు, ఫ్యాన్లు అన్నీ ఒక్కసారే పోయి, పవర్ బటన్ నొక్కినా లేవకుండా, ఎస్‌ఎంపీఎస్ వెనక స్విచ్ ఆపి కాసేపాగి వేస్తేనే మళ్లీ వస్తుంటే, లోడు మించిందనో ఎక్కడో షార్ట్ అయిందనో ఎస్‌ఎంపీఎస్ తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోయినట్టు. దానంతట అదే రీస్టార్ట్ అయితే వోల్టేజీ క్షణంపాటు పడిపోయి మళ్లీ లేచిందన్నమాట. తెర నల్లబడినా హెడ్‌ఫోన్‌లో గేమ్ సౌండ్ ఇంకా వినిపిస్తూ, కార్డు ఫ్యాన్లు ఫుల్ స్పీడులో తిరుగుతుంటే కార్డు ఒక్కటే పడిపోయింది, మిగతా సిస్టమ్ నడుస్తూనే ఉంది. అలా కాక గేమ్ ఒక్కటే మూసుకుపోయి డెస్క్‌టాప్ వచ్చేస్తే మాత్రం ముందు డ్రైవరు, ర్యామ్, ఓవర్‌క్లాక్ (స్పీడు పెంచిన సెట్టింగ్) చూడాలి. నీ దగ్గర మొదటిదీ, నల్లతెరదీ రెండూ కనిపిస్తున్నాయి.

విండోస్ తన లోపాలు రాసుకునే ఈవెంట్ వ్యూయర్‌లో ‘కెర్నల్-పవర్ 41’ కనిపించిందని, అంటే ఎస్‌ఎంపీఎస్ పోయినట్టే కదా అని అడిగావు. కాదు. సిస్టమ్ పద్ధతిగా షట్‌డౌన్ కాకుండా ఆగిందని విండోస్ తిరిగి లేచాక రాసుకునే మాట అది. నువ్వు చేత్తో ప్లగ్గు పీకినా అదే 41 వస్తుంది. ‘డిస్‌ప్లే 4101’ వస్తే డ్రైవరు స్పందించడం మానేసి మళ్లీ లేచిందని అర్థం. అదైనా కారణం చెప్పదు, వెతకాల్సింది ఎటువైపో చెబుతుంది.

ఇప్పుడు యూపీఎస్. మన జిల్లాల్లో ఇలాంటి కేసు వస్తే నేను మొట్టమొదట చేసే పని కేబినెట్ ప్లగ్గును యూపీఎస్ నుంచి పీకి నేరుగా గోడకు పెట్టడం. కరెంటు పోతుందన్న భయంతో ప్రతి సిస్టమ్ కింద ఒక 600 వీఏ డబ్బా ఉంటుంది. ఆఫీసు పనికి కొన్న ఆ డబ్బా మీదికి తర్వాత గేమింగ్ కార్డు వచ్చి పడుతుంది. 600 వీఏ అంటే 600 వాట్లు కాదు, ఆ తరగతి యూపీఎస్‌లు ఎక్కువగా 360 వాట్లవి. వెనక లేబుల్ మీద రెండు అంకెలూ ఉంటాయి, చూడు. నీ లెక్క వేద్దాం. కార్డు 200 వాట్లు, గేమ్‌లో ప్రాసెసర్ 70–80, బోర్డు, ర్యామ్, డిస్కులు, ఫ్యాన్లు కలిపి 30–40. మొత్తం 300 పైమాటే. ఎస్‌ఎంపీఎస్‌లో వేడిగా పోయేది కలిపితే గోడ నుంచి లాగేది 370–400 వాట్లు. మానిటర్ కూడా అదే యూపీఎస్‌కు ఉంటే ఇంకో 25–30. అంటే గేమ్ మొదలైన నిమిషం నుంచే ఆ యూపీఎస్ తన హద్దు దాటి పనిచేస్తోంది. మెయిన్స్ నిలకడగా ఉన్నంతసేపు లాక్కొస్తుంది. వోల్టేజీ కాస్త తగ్గి లోపలి రిలే (లైను మార్చే స్విచ్) ‘టక్’మందా, బ్యాటరీ మీదికి మారే ప్రయత్నం చేసి అంత లోడు మోయలేక మూసేసుకుంటుంది. ఆ ‘టక్’ వినిపించిందో లేదో ఈసారి చెవి పెట్టి విను.

వేసవి సాయంత్రాలు లైను మీద ఏసీలన్నీ పడ్డాక లో వోల్టేజీ వస్తే ఇది మరీ ఎక్కువ. 230 వోల్టుల దగ్గర 400 వాట్లకు 1.7 యాంప్‌ల చిల్లర సరిపోతుంది. 180కి పడిపోతే అదే పనికి 2.2 యాంప్‌లు లాగాలి. నీ గది ఉన్న ఇంట్లో బోరు మోటారు అదే ఫేజు మీద ఉందేమో ఇంటివాళ్లను అడుగు. మోటారు స్టార్ట్ అయ్యే క్షణంలో వోల్టేజీ కిందికి జారుతుంది. రోజూ ఒకే వేళకు సిస్టమ్ ఆఫ్ అవుతుంటే, అది ట్యాంకు నింపే వేళ అయితే, దొంగ దొరికినట్టే. గదికి ఇన్వర్టర్ లైను ఉండి సిస్టమ్ దాని మీద నడుస్తుంటే ఇన్వర్టర్ మీద ఉన్న స్విచ్ ‘యూపీఎస్ మోడ్’లో ఉందో లేదో చూడు. మామూలు మోడ్‌లో బ్యాటరీకి మారడానికి ఎక్కువ టైమ్ తీసుకుంటుంది, ఎస్‌ఎంపీఎస్ తన కెపాసిటర్లలో దాచుకున్న శక్తితో నిలబడగలిగేది ఫుల్ లోడు మీద 16–17 మిల్లీసెకన్లే. చవకవి అంతసేపైనా నిలబడవు.

కింద చెప్పినట్టు అడాప్టర్ విప్పి చూశాక, గోడకు నేరుగా పెట్టి ఒక సాయంత్రం ఆడు. ఆగకపోతే యూపీఎస్ దోషం తేలిపోయింది. ఆగితే యూపీఎస్ నిర్దోషి అనుకోకు, వెనకాల ఇంకొకటి ఉందన్నమాట. నీ విషయంలో ఆగుతుందనే నా అంచనా. ఎందుకో చెప్తాను.

నువ్వు పెట్టిన ఎస్‌ఎంపీఎస్ లేబుల్ ఫొటో పెద్దది చేసి చూశాను. 500 వాట్లు అని పెద్దక్షరాల్లో ఉంది. కింద చిన్న టేబుల్‌లో +12 వోల్టుల గడిలో 18 యాంప్‌లు. 12ని 18తో గుణిస్తే 216 వాట్లు. ఆ డబ్బా కార్డుకూ ప్రాసెసర్‌కూ కలిపి నిజంగా ఇవ్వగలనని ఒప్పుకుంటున్నది అంతే. మిగతా వాట్లన్నీ 5 వోల్టులు, 3.3 వోల్టుల గడుల్లో పోశారు, ఈ రోజుల్లో ఆ రెండింటి నుంచి లాగేవాళ్లు దాదాపు లేరు. ఎస్‌ఎంపీఎస్ కొనేటప్పుడు పెద్దక్షరాలు వదిలేసి 12 వోల్టుల గడి చూడాలి. మంచి 550 వాట్ల డబ్బాలో ఆ గడి ఒక్కటే 500 వాట్ల పైన ఉంటుంది. ఇంకో మెలిక కూడా ఉంది. చవక డబ్బాల మీద వాట్లు ఎక్కువగా 25 డిగ్రీల వేడి దగ్గర లెక్కేసినవి. మే నెలలో రేకుల గదిలో మూసిన కేబినెట్‌లో అది ఎంత ఇస్తుందో నువ్వే ఊహించుకో. నీ కార్డుకు దాని చిప్పు కంపెనీ ఎన్‌విడియా సూచించింది 600 వాట్ల ఎస్‌ఎంపీఎస్.

200 వాట్లన్నది కూడా సగటే. ఒక్కో సీను మారేటప్పుడు కార్డు కొన్ని మిల్లీసెకన్ల పాటు దానికంటే చాలా ఎక్కువ లాగుతుంది. మంచి ఎస్‌ఎంపీఎస్ ఆ కుదుపును మింగేస్తుంది, బలహీనమైనది ఓవర్‌లోడు అనుకుని ఆగిపోతుంది. ఎస్‌ఎంపీఎస్‌లకు 2022లో వచ్చిన ఏటీఎక్స్ 3.0 ప్రమాణం ఇలాంటి కుదుపులను తట్టుకోవాలని స్పష్టంగా అడుగుతుంది.

ఇక అడాప్టర్. నాకు అసలు భయం దీని గురించే, ఎందుకంటే మిగతావి సిస్టమ్‌ను ఆపుతాయి, ఇది గది తగలబెట్టగలదు. మదర్‌బోర్డు స్లాటు నుంచి కార్డు 75 వాట్ల వరకు తీసుకోవచ్చు, కానీ అంతా తీసుకోదు. 50 అక్కడ పోయినా మిగతా 150 వాట్లు 8 పిన్ గుండానే రావాలి, అంటే 12.5 యాంప్‌లు. 8 పిన్ కనెక్టర్‌లో 12 వోల్టులకు మూడు పిన్నులుంటాయి. మోలెక్స్‌లో ఒక్కటే. రెండు మోలెక్స్‌లంటే రెండు పిన్నులు, ఒక్కోదాని మీద 6 యాంప్‌ల పైచిలుకు. అవి సాధారణంగా వదులైపోయిన పాత పిన్నులు. ఆ రెండు మోలెక్స్‌లూ ఒకే తీగ మీద వరసగా ఉన్నవైతే ఇంకా ఘోరం, మొత్తం 12.5 యాంప్‌లూ ఎస్‌ఎంపీఎస్ నుంచి వచ్చే ఒకే ఒక్క పసుపు వైరు మోయాలి. కేబినెట్ తెరిచి ఆ రెండూ ఎక్కడి నుంచి వస్తున్నాయో వేలు పెట్టి వెనక్కి వెళ్లి చూడు. సిస్టమ్ ఆఫ్ చేసి, ప్లగ్గు పీకి, మోలెక్స్‌ను విప్పి తెల్ల ప్లాస్టిక్ లోపలికి టార్చి వెయ్యి. పసుపు వైరు దిగే రంధ్రం చుట్టూ తేనె రంగు తిరిగి ఉన్నా, పిన్ను నల్లబడి ఉన్నా, కాలిన ప్లాస్టిక్ వాసన వచ్చినా దాన్ని మళ్లీ తగిలించకు. సాటా ప్లగ్గు (డిస్కులకు పెట్టే చదునైనది) నుంచి 8 పిన్‌కు మార్చే అడాప్టర్ ఎవరైనా ఇస్తే అసలే వద్దు. సాటాలో 12 వోల్టుల భాగం 4.5 యాంప్‌లకే, అంటే 54 వాట్లకే చేసింది.

మల్టీమీటర్ దొరికితే లోపం ఎస్‌ఎంపీఎస్‌దా వైరుదా అని తేల్చేయొచ్చు. డీసీ 20 వోల్టుల రేంజ్‌లో పెట్టి, వేరే తీగ మీద ఖాళీగా ఉన్న మోలెక్స్‌లో పసుపు, నలుపు మధ్య ముందు ఒకటి కొలువు. తర్వాత కార్డుకు తగిలించిన 8 పిన్ వెనకవైపు, వైరు ప్లాస్టిక్‌లోకి దిగే సందులో ప్రోబు మొన జాగ్రత్తగా ఆనించి ఇంకొకటి. రెండు ప్రోబులూ ఒకదానికొకటి తగిలితే షార్ట్, తొందరపడకు. సిస్టమ్ ఏ పనీ లేకుండా ఉన్నప్పుడు రెండుచోట్లా 12 చుట్టూ చూపిస్తుంది. గేమ్ నడుస్తుండగా మళ్లీ కొలువు. హద్దు 11.4 నుంచి 12.6. రెండుచోట్లా కలిసి 11.4 కిందికి జారితే ఎస్‌ఎంపీఎస్ అలిసిపోయింది. ఖాళీ మోలెక్స్‌లో 11.9 ఉండి కార్డు దగ్గర 11.2 ఉంటే ఎస్‌ఎంపీఎస్ ఇస్తూనే ఉంది, దారిలో పోతోంది. ఆ 0.7 వోల్టు ఎటో మాయం కాదు, 12.5 యాంప్‌ల దగ్గర దాదాపు 9 వాట్ల వేడిగా ఆ వైర్లలోనూ పిన్నుల్లోనూ కూర్చుంటుంది. సోల్డరింగ్ ఐరన్ మొన కాలడానికి ఎంతో కావాలా? అయితే ఒక మాట, మీటరు సగటు మాత్రమే చూపిస్తుంది, మిల్లీసెకన్ల కుదుపులు దానికి కనపడవు. అందుకే 11.2 చూపిస్తే తప్పు రుజువైనట్టే గానీ, 12 చూపిస్తే నిర్దోషి అని కాదు.

మీటరు లేకపోతే డబ్బు ఖర్చు లేని పరీక్ష ఒకటుంది. ఎంఎస్‌ఐ ఆఫ్టర్‌బర్నర్ అనే ప్రోగ్రామ్ వేసుకుని కార్డు పవర్ లిమిట్‌ను 60 శాతానికి దించు, గేమ్‌లో ఫ్రేములను సెకనుకు 60కి కట్టేయ్. ఇప్పుడు కార్డు 120 వాట్ల దగ్గర ఆగుతుంది. అలా గంటలకొద్దీ నడిచి, లిమిట్ మళ్లీ 100కి ఎత్తగానే పడిపోతే, కార్డు చిప్పులో లోపం లేదని దాదాపు ఖాయం చేసుకోవచ్చు. అదే సమయంలో కార్డు వేడి కూడా చూడు, ఎందుకంటే పవర్ తగ్గిస్తే వేడీ తగ్గుతుంది, రెండిట్లో ఏది కారణమో కలిసిపోతుంది. 60 శాతం మీద పడిపోయినా, లేదా మంచి ఎస్‌ఎంపీఎస్ ఉన్న స్నేహితుడి సిస్టమ్‌లో పెట్టినా పడిపోయినా, అప్పుడు ఆ షాపువాళ్ల మాట నేనూ ఒప్పుకుంటాను. కాలేజీలో గేమింగ్ సిస్టమ్ ఉన్నవాడు ఒక్కడైనా దొరకడా?

గ్రీన్ వైరును నల్ల వైరుకు క్లిప్పుతో కలిపి ఫ్యాన్ తిరిగితే ఎస్‌ఎంపీఎస్ బాగున్నట్టే అని వీడియోల్లో చూపిస్తారు. అది స్టార్ట్ అవుతుందని మాత్రమే చెప్పే పరీక్ష. లోడు మీద నిలబడుతుందో లేదో దానికి తెలియదు. నీ ఎస్‌ఎంపీఎస్ ఆ పరీక్ష హాయిగా పాసవుతుంది.

కొత్తది కొనేటప్పుడు 650 వాట్లది, 12 వోల్టుల గడిలో 50 యాంప్‌ల పైన ఉన్నది, కార్డుకు 6+2 పిన్ (కలిపితే 8 పిన్) వైర్లు రెండు ఉన్నది చూసుకో. 80 ప్లస్ బ్రాంజ్ ముద్ర కరెంటు ఎంత పొదుపుగా వాడుతుందో చెబుతుంది, లోపలి సరుకు గురించి కాదు. అయినా ఆ ముద్ర లేనిదాని జోలికి పోకు. ఒకే కంపెనీలో మంచి మోడల్, నాసి మోడల్ రెండూ ఉంటాయి కాబట్టి కంపెనీ పేరుతో సరిపెట్టుకోకుండా మోడల్ పేరు పెట్టి రివ్యూలు చదువు. వారంటీ ఐదేళ్లు ఉన్నది దొరికితే వదలకు. సెకండ్‌హ్యాండ్ కార్డు కొనడంలో తప్పులేదు, సెకండ్‌హ్యాండ్ ఎస్‌ఎంపీఎస్ మాత్రం నేనైతే ఊరికే ఇచ్చినా తీసుకోను.

బిగించేటప్పుడు కొన్ని జాగ్రత్తలు. ప్రాసెసర్‌కు వెళ్లే 4+4 పిన్ వైరు, కార్డుకు వెళ్లే 6+2 పిన్ వైరు చూడ్డానికి అన్నదమ్ముల్లా ఉంటాయి, కానీ 12 వోల్టులు, గ్రౌండ్ స్థానాలు తారుమారు. ఒకటి ఇంకోదానిలో సులువుగా దూరదు, దూరకపోతే బలవంతపెట్టకు, వైరు మీద రాసింది చదువు. 6+2లో ఆ చిన్న 2 పిన్ ముక్క పక్కకు జారి సగమే దిగుతుంటుంది, క్లిప్పు పడిన చప్పుడు వినిపించేదాకా నొక్కు. కొత్తది మాడ్యులర్ (వైర్లు విడిగా ఊడొచ్చే) రకమైతే పాత వైర్లు గానీ, ఇంకో కంపెనీ వైర్లు గానీ దానికి పెట్టకు. కార్డువైపు కనెక్టర్ ప్రామాణికమే గానీ ఎస్‌ఎంపీఎస్ వైపు ఎవరి అమరిక వారిది. వైరు మారితే బోర్డు, డిస్కులు అన్నీ ఒక్క దెబ్బకు పోతాయి. పాత ఎస్‌ఎంపీఎస్ వెనక 115/230 ఎర్ర స్విచ్ ఉంటే దాన్ని ముట్టుకోవద్దు. పాతదాన్ని విప్పి బాగుచేద్దామన్న సరదా కూడా వద్దు, ప్లగ్గు పీకాక కూడా లోపలి పెద్ద కెపాసిటర్‌లో 300 వోల్టుల పైన నిలవ ఉండొచ్చు.

కేబినెట్ ముట్టుకుంటే జిల్లుమంటోందని చివర్లో ఓ మాట రాశావు. సిస్టమ్ ఆగడానికి అది కారణం కాకపోవచ్చు గానీ వదిలేసే విషయం కాదు. ప్లగ్గులో ఎర్త్ లేదన్నమాట, లేదా పేరుకే ఉంది. ఎస్‌ఎంపీఎస్ లోపలి ఫిల్టర్ కెపాసిటర్ల నుంచి వచ్చే కొద్దిపాటి కరెంటు భూమిలోకి పోయే దారి లేక డబ్బా మీద నిలుస్తుంది. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య వోల్టేజీ కొలిపించు, రెండు మూడు వోల్టులు దాటకూడదు. ఎర్త్ పిట్ ఎండిపోయి ఉంటే నీళ్లు పోయించమను. ఇది నువ్వు చేసే పని కాదు, ఇంటివాళ్లు చేయించాల్సింది.

కార్డు ఇదివరకు కళింగపట్నం వైపు ఎవరిదో అన్నావు కాబట్టి స్లాటులో దిగే బంగారు అంచు కూడా చూడు. సముద్రపు గాలికి అక్కడ మసక పొర పడుతుంది. ఐసోప్రోపైల్ ఆల్కహాల్‌తో తుడిచి పూర్తిగా ఆరాక పెట్టు. తుపానుల కాలంలో ఇంకో అలవాటు చేసుకో. 2018 అక్టోబర్‌లో తిత్లీ పలాస దగ్గర తీరం దాటాక చాలా ఊళ్లకు రోజుల తరబడి కరెంటు లేదు. అంత విరామం తర్వాత లైను వచ్చినప్పుడు వోల్టేజీ కుదురుగా ఉండదు. అప్పుడు స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్గే పీకేసి, ఫ్యాను, లైట్లు కాసేపు నిలకడగా ఉన్నాక సిస్టమ్ పెట్టుకో.

యూపీఎస్ మార్చాలా అంటే, ముందు ఎస్‌ఎంపీఎస్. ఈ నెల ఒక్కటే కొనగలిగితే అదే కొని, యూపీఎస్‌కు మానిటర్, రౌటర్ మాత్రం ఉంచి, కేబినెట్‌ను 6 యాంప్ గోడ సాకెట్‌కు నేరుగా పెట్టు. చవక ఎక్స్‌టెన్షన్ బాక్సులు మధ్యలో వద్దు. తర్వాత వీలైనప్పుడు వాట్లు చూసి 600 వాట్లకు తగ్గని యూపీఎస్ తీసుకుందువుగాని, అది ఎక్కువగా 1000 లేదా 1100 వీఏ తరగతిలో దొరుకుతుంది.

ఈ రోజు రాత్రికి మాత్రం ఆ అడాప్టర్ విప్పి చూడనిదే గేమ్ పెట్టకు. నీ ప్రాసెసర్‌లోనే డిస్‌ప్లే ఇచ్చే భాగం ఉంది కాబట్టి కార్డు తీసేసి, మానిటర్ వైరు బోర్డుకు పెట్టుకుంటే చదువు పనులన్నీ నడుస్తాయి. మోలెక్స్ లోపలి ఫొటో, యూపీఎస్ వెనక లేబుల్ ఫొటో, మీటరు దొరికితే ఖాళీగానూ గేమ్‌లోనూ రెండుచోట్ల రీడింగులు పెట్టు. ఎస్‌ఎంపీఎస్ మోడల్ ఖాయం చేసుకునే ముందు పేరు కూడా ఇక్కడ రాయి, చూసి చెప్తాను.